చిట్టీ కాంట్రాక్ట్ టెస్టింగ్‌కి సొంత ల్యాప్‌టాప్‌లో నోడ్ నడపొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటూ బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుగా చిట్‌ఫండ్ స్మార్ట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్ మీద దానంతటదే నడిచే ప్రోగ్రామ్) రాస్తున్నారు. ఇథీరియం టెస్ట్ నెట్‌వర్క్ అయిన సెపోలియాలో టెస్ట్ చేద్దామంటే, ఫాసెట్ (టెస్ట్ ఈథర్ ఉచితంగా పంచే సైట్) ఇచ్చే ఈథర్, అంటే ఫీజులకి కట్టే నాణెం, నాలుగు డిప్లాయ్‌లకే (కాంట్రాక్టుని చెయిన్ మీద పెట్టడం) అయిపోతోంది, ప్రతి లావాదేవీకీ ఎదురుచూడాల్సి వస్తోంది. ల్యాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ ర్యామ్. దాంట్లో సొంత నోడ్ (చెయిన్‌ని నడిపే ప్రోగ్రామ్) నడుస్తుందా, ఏది నడపాలి, అక్కడ పాసైన టెస్టుని నమ్మొచ్చా?

నడుస్తుంది, నడపండి. 8 జీబీ ధారాళంగా సరిపోతుంది. ఫౌండ్రీ అనే టెస్టింగ్ పనిముట్ల సెట్‌తో పాటు వచ్చే యాన్విల్ అనే లోకల్ నోడ్ పెట్టుకోండి. మీకు జావాస్క్రిప్టే చేతికి అలవాటైతే హార్డ్‌హ్యాట్ నోడ్ అయినా ఇదే పని చేస్తుంది. ఇక నమ్మకం సంగతి: లెక్కల విషయంలో లోకల్ నోడ్‌ని నమ్మండి, మనుషుల మధ్య పోటీ విషయంలో నమ్మకండి. చిట్టీలో ఈ రెండూ ఉన్నాయి కాబట్టి ఈ తేడా మీకు బాగా అవసరం. నేను మాదాపూర్‌లో ఏడేళ్లుగా సాలిడిటీ (ఈ కాంట్రాక్టులు రాసే భాష) పనే చేస్తున్నాను. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలో తినే దెబ్బలన్నీ ఈ తేడా దగ్గరే తగులుతున్నాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. నోడ్ అనగానే చాలామంది ఇథీరియం ఫుల్ నోడ్ అనుకుని భయపడతారు. అది వేరే సంగతి. దానికి గెత్ లాంటి ఎగ్జిక్యూషన్ క్లయింట్, లైట్‌హౌస్ లాంటి కన్సెన్సస్ క్లయింట్ రెండూ కావాలి, 2 టీబీ ఎన్‌విఎంఈ డిస్క్ కావాలి, సింక్ అయ్యేదాకా ఓపిక కావాలి. కాంట్రాక్ట్ టెస్టింగ్‌కి అదేదీ అక్కర్లేదు. యాన్విల్ అంటే మీ ల్యాప్‌టాప్ మెమరీలో పుట్టే ఒక చిన్న చెయిన్. టెర్మినల్లో ఆ ఒక్క మాట కొట్టగానే 127.0.0.1 మీద 8545 పోర్టులో లేస్తుంది. చెయిన్ ఐడీ 31337. ఒక్కో దాంట్లో 10,000 ఈథర్‌తో పది ఖాతాలు, వాటి ప్రైవేట్ కీలతో సహా తెర మీద చూపిస్తుంది. ఫాసెట్ గోల అక్కడితో తీరిపోతుంది.

ఇంకో మాట, ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. యూనిట్ టెస్టులకి ఈ నోడ్ కూడా నడపక్కర్లేదు. ఫౌండ్రీలోని ఫోర్జ్ టెస్ట్ ఆదేశం కొట్టినప్పుడు దాని లోపలే ఒక ఈవీఎం (కాంట్రాక్ట్ కోడ్‌ని నడిపే యంత్రం) లేచి, పని ముగించి పోతుంది. హార్డ్‌హ్యాట్ టెస్ట్ కూడా అంతే. విడిగా నోడ్ నడపాల్సింది మీ వెబ్ పేజీ, మెటామాస్క్ (బ్రౌజర్‌లో ఉండే వాలెట్), డిప్లాయ్ స్క్రిప్ట్ ఈ మూడూ ఒకే చెయిన్‌తో మాట్లాడాల్సి వచ్చినప్పుడు. మీ పనిలో ముప్పాతిక భాగం ఫోర్జ్ టెస్టులతోనే అయిపోతుంది. యాన్విల్ తెరిచి పెట్టుకుని, చేత్తో బటన్లు నొక్కి, "పనిచేస్తోంది" అనుకోవడం టెస్టింగ్ కాదు. నొక్కి చూసింది రేపటికి మిగలదు, రాసిన టెస్టు మిగులుతుంది.

ఇక లోకల్ నోడ్ అసలు గొప్పతనం ఫ్రీ ఈథర్ కాదు, కాలం మీ చేతిలో ఉండటం. మీ చిట్టీనే తీసుకుందాం. 2,00,000 రూపాయల చిట్టీ, 20 మంది సభ్యులు, 20 నెలలు, నెలకి 10,000 వాయిదా. సెపోలియాలో దీన్ని మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడాలంటే 20 నెలలు కూర్చోవాలి. అందుకని మన పిల్లలు ఏం చేస్తారంటే, కాంట్రాక్టులో నెలని ఐదు నిమిషాలుగా మార్చి డిప్లాయ్ చేస్తారు. అప్పుడు మీరు టెస్ట్ చేసిన కోడ్ వేరు, చివరికి పెట్టే కోడ్ వేరు. లోకల్‌లో ఆ అవసరమే రాదు. ఈవీఎం ఇంక్రీజ్ టైమ్ అనే ఆర్‌పీసీ పిలుపుకి (నోడ్‌కి పంపే ఆదేశం) 25,92,000 సెకన్లు ఇస్తే 30 రోజులు దాటుతుంది. ఆ వెంటనే ఈవీఎం మైన్ పిలిచి ఒక బ్లాక్ వేయండి. మార్చిన సమయం వర్తించేది తర్వాతి బ్లాకుకే. అది వేయకుండా వ్యూ ఫంక్షన్ చదివి "టైమ్ మారలేదేంటి" అని గంటలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. ఫోర్జ్ టెస్టులో అయితే గడియారాన్ని జరిపే వార్ప్ అనే చీట్‌కోడ్ ఒక్కటే చాలు.

అలా ఇరవై నెలలూ ఒక లూప్‌లో తిప్పి, ప్రతి నెలా లెక్క సరిచూడండి. ఒక నెలలో ఒకరు 40,000 తగ్గింపుకి పాడారనుకుందాం. చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ చిట్టీ మొత్తంలో 5 శాతం, అంటే 10,000. మిగిలిన 30,000 ఇరవై మందికి పంచితే తలా 1,500 డివిడెండ్, వాయిదా 8,500కి దిగుతుంది. ఇది చక్కగా భాగం వచ్చే లెక్క కాబట్టి టెస్టు పాసవుతుంది. పాట 41,111 దగ్గర ఆగితే? పంచాల్సింది 31,111. తలా 1,555 పోను 11 మిగులుతుంది. సాలిడిటీ భాగహారం ఆ 11ని వదిలేస్తుంది. అది ఎవరిది? కాంట్రాక్టులో ఇరుక్కుపోతుందా, ఫోర్‌మన్‌కి పోతుందా, వచ్చే నెల డివిడెండ్‌లో కలుస్తుందా? చిట్టీ కట్టే మనిషి రూపాయి తేడా వచ్చినా అడుగుతాడు, అడగాలి కూడా. డబ్బు బదులు వాడే టోకెన్‌కి 6 దశాంశ స్థానాలుంటే ఆ మిగులు చిన్నదవుతుంది గానీ పోదు. కాబట్టి గుండ్రటి అంకెలతో టెస్టులు రాయకండి, ఫోర్జ్‌లో ఫజ్ టెస్ట్ పెట్టండి. మామూలుగా అది 256 రకాల అంకెలతో పరిగెత్తిస్తుంది. చూడాల్సిన నియమం ఒక్కటే: సభ్యులు కట్టినదంతా, బయటికి పోయినదీ కాంట్రాక్టులో ఉన్నదీ కలిపినదానికి ప్రతి నెలాఖరునా సమానం కావాలి.

కమీషన్‌ని కోడ్‌లో 5 అని కొట్టేయకండి. చిట్‌ఫండ్ చట్టానికి 2019లో వచ్చిన సవరణ గరిష్ఠ కమీషన్‌ని 5 నుంచి 7 శాతానికి పెంచింది. చిట్టీ మొదలయ్యేటప్పుడు ఇచ్చే విలువగా ఉంచండి, రెండింటితోనూ టెస్టు పరిగెత్తించండి.

కాలం ముందుకి మాత్రమే పోతుంది. వెనక్కి రావాలంటే స్నాప్‌షాట్ తీసుకోవాలి. సభ్యులందరినీ చేర్చి, మొదటి నెల వాయిదాలు కట్టించి, అక్కడ ఈవీఎం స్నాప్‌షాట్ పిలవండి, ఒక ఐడీ వస్తుంది. తర్వాత ఎంత చెడగొట్టినా ఈవీఎం రివర్ట్‌తో అక్కడికి తిరిగి రావచ్చు. ఒకసారి వెనక్కి వచ్చాక ఆ ఐడీ చెల్లదు, మళ్లీ కొత్తది తీసుకోవాలి.

ఇప్పుడు నమ్మకూడని భాగానికి వద్దాం.

యాన్విల్ మామూలుగా ఆటోమైనింగ్‌లో ఉంటుంది. ఒక లావాదేవీ వస్తే వెంటనే ఒక బ్లాక్. అంటే మీ చెయిన్‌లో ప్రతి లావాదేవీ ఒంటరిదే. నిజమైన నెట్‌వర్క్‌లో 12 సెకన్ల స్లాట్‌కి ఒక బ్లాక్, అందులో ఎంతమందివో లావాదేవీలు, వరస మీరు పంపిన క్రమంలో ఉండాలనేమీ లేదు. పాట ఉన్న ప్రతి కాంట్రాక్టుకీ ప్రమాదం ఇక్కడే.

మాకు జరిగిందే చెప్తాను. ఒక క్లయింటు కోసం వేలం కాంట్రాక్ట్ రాశాం. పాట పాడే ఫంక్షన్‌లో "ముగింపు సమయం దాటితే వద్దు" అని షరతు. వేలం ముగించే ఫంక్షన్‌లో "ముగింపు సమయం వచ్చిందా, అయితే సరే" అని షరతు. విడివిడిగా చూస్తే రెండూ సబబే. కానీ బ్లాక్ సమయం సరిగ్గా ముగింపు సెకను అయితే రెండూ చెల్లుతాయి. ముందు ముగింపు నడిచి గెలిచినవారికి డబ్బు పోయింది, అదే బ్లాకులో వెనకనే ఇంకో పాట పడి గెలిచినవారి పేరు మార్చేసింది. చిట్టీలో ఇదే జరిగితే డబ్బు ఒకరు తీసుకుంటారు, చిట్టీ ఎత్తినట్టు ఖాతాలో ఇంకొకరి పేరు పడుతుంది. మా లోకల్ స్క్రిప్టులు నూటికి నూరూ పాసయ్యాయి. ఎందుకంటే ఆటోమైనింగ్‌లో ప్రతి బ్లాకుకీ సమయం పెరుగుతుంది, రెండు లావాదేవీలు ఒకే సెకనులో పడే అవకాశమే లేదు. ఆడిట్‌లో దొరికింది కాబట్టి బతికిపోయాం.

ఇది లోకల్‌లోనే పట్టుకోవచ్చు, కాకపోతే అడిగి పట్టుకోవాలి. ఆటోమైనింగ్ ఆపేయండి. తర్వాతి బ్లాక్ సమయాన్ని సరిగ్గా ముగింపు సెకనుకి పెట్టండి. రెండు ఖాతాల నుంచి రెండు లావాదేవీలు పంపి, అప్పుడు ఒక్క బ్లాక్ వేయండి. యాన్విల్ మామూలుగా ఫీజు ఎక్కువిచ్చిన లావాదేవీని ముందు పెడుతుంది కాబట్టి, టిప్ (అదనపు ఫీజు) పెంచి తగ్గించి రెండు వరసలూ చూడండి. గ్యాస్ లిమిట్ (లావాదేవీ వాడుకోగల పని హద్దు) మాత్రం మీరే చేత్తో ఇవ్వండి. లేదంటే గ్యాస్ అంచనా పాత సమయం మీద జరిగి అక్కడే రివర్ట్ కావచ్చు, అంటే రద్దు కావచ్చు. ఫోర్జ్ టెస్టులో ఇంకా తేలిక: అక్కడ మీరు వార్ప్ చేస్తే తప్ప గడియారం కదలదు, రెండు పిలుపులూ వరసగా రాస్తే ఒకే సెకనులో జరిగినట్టే. మందు కూడా చిన్నదే. ఒక షరతులో సమానాన్ని తీసేసి, పాట ఫంక్షన్‌లో "వేలం ముగిసిందా" అనే గుర్తుని కూడా చూడటం.

రెండో సంగతి చీటీలు తీయడం. ఎక్కువ తగ్గింపుకి ఇద్దరు ముగ్గురు సమానంగా వస్తే మన దగ్గర చీటీలు వేసి తీస్తారు కదా. దాన్ని కోడ్‌లో బ్లాక్ టైమ్‌స్టాంప్‌తోనో ప్రెవ్‌రాండావోతోనో (బ్లాకులో వచ్చే యాదృచ్ఛిక అంకె) రాసేస్తారు. లోకల్‌లో ముచ్చటగా పనిచేస్తుంది. బయట ఒక సభ్యుడు మీ ఫంక్షన్‌ని నేరుగా కాకుండా తన సొంత కాంట్రాక్ట్ ద్వారా పిలుస్తాడు, ఫలితం తన పేరు కాకపోతే లావాదేవీ మొత్తాన్ని రివర్ట్ చేస్తాడు, తర్వాతి బ్లాకులో మళ్లీ ప్రయత్నిస్తాడు. మీ టెస్టుల్లో ఇలాంటి ఒక దొంగ కాంట్రాక్ట్ మీరే రాసి పెట్టండి. అది గెలిచినంతకాలం మీ డ్రా తప్పే. ముందు ప్రతి సభ్యుడూ తన రహస్య అంకె హాష్ (అంకెని బయటపెట్టని ముద్ర) ఇచ్చి, తర్వాత విప్పి చూపే పద్ధతి మీ స్థాయి ప్రాజెక్టుకి సరిపోతుంది. విప్పనివాళ్ల డిపాజిట్ జప్తు అనే నియమం కూడా ఉండాలి. అది లేకపోతే ఓడిపోతున్నానని తెలిసినవాడు నోరు మెదపడు.

ఖాతాల్ని కలపకండి. పది ఖాతాలిచ్చినా అందరూ మొదటి ఖాతాతోనే డిప్లాయ్ చేస్తారు, దాంతోనే పాట పాడతారు, దాంతోనే ముగిస్తారు. ఫోర్‌మన్ మాత్రమే పిలవాల్సిన ఫంక్షన్‌కి ఆ కాపలా పెట్టడం మరిచిపోయినా అన్ని టెస్టులూ పచ్చగా కనిపిస్తాయి. ఫోర్‌మన్‌కి ఒకటి, సభ్యులకి వేర్వేరు, ఏ సంబంధమూ లేని బయటి మనిషికి ఒకటి కేటాయించండి. ప్రతి ఫంక్షన్‌నీ ఆ బయటి మనిషితో ఒకసారి పిలిపించి, తిరస్కరించిందో లేదో చూడండి.

కోడ్ పరిమాణం గురించి ఒక్క మాట. 2016 నుంచి ఇథీరియంలో కాంట్రాక్ట్ 24,576 బైట్లు దాటకూడదు. హార్డ్‌హ్యాట్‌లో ఈ హద్దుని తీసేసే సెట్టింగ్ ఉంది, దాన్ని ముట్టుకోకండి. సెపోలియాకి వెళ్లిన రోజున డిప్లాయ్ కాదు.

ఫోర్క్ (అసలు చెయిన్ నకలు మీద లోకల్ నోడ్ నడపడం) గురించి అడగలేదు గానీ చెప్పాలి. మీ చిట్టీ యుఎస్‌డిటి (డాలర్ విలువకి కట్టిన టోకెన్) లాంటి అసలు టోకెన్‌తో నడవాలనుకుంటే, మీరు రాసుకున్న డమ్మీ టోకెన్‌తో టెస్ట్ చేయడం చాలదు. డమ్మీ టోకెన్ బదిలీ అయ్యాక "సరే" అని ట్రూ ఇస్తుంది. ఇథీరియం మెయిన్‌నెట్‌లోని (అసలు నెట్‌వర్క్‌లోని) యుఎస్‌డిటి ఏమీ తిరిగి ఇవ్వదు. మీ ఇంటర్‌ఫేస్ బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్) కోసం ఎదురుచూస్తుంటే పిలుపు మొత్తం రివర్ట్ అవుతుంది. ఓపెన్‌జెప్లిన్ లైబ్రరీలోని సేఫ్ఇఆర్‌సి20 వాడితే తీరుతుంది. కానీ ఈ సమస్య ఉందని మీకు చూపించేది ఫోర్క్ మాత్రమే. యాన్విల్‌కి ఫోర్క్ యుఆర్‌ఎల్‌గా ఏదైనా మెయిన్‌నెట్ ఆర్‌పీసీ చిరునామా ఇస్తే, అక్కడి కాంట్రాక్టులూ నిల్వలూ అవసరమైనంత మేరకు తెచ్చుకుంటుంది. పెద్ద నిల్వ ఉన్న ఏ చిరునామానైనా ఇంపర్సొనేట్ చేసి (దాని యజమానిలా నటించి), గ్యాస్‌కి సెట్ బ్యాలెన్స్‌తో కాస్త ఈథర్ వేసి, మీ టెస్ట్ ఖాతాలకి టోకెన్లు పంపుకోవచ్చు. అదంతా మీ ల్యాప్‌టాప్‌లోనే, అసలు చెయిన్‌కి ఏమీ కాదు.

ఫోర్క్ చేసేటప్పుడు బ్లాక్ నంబర్ తప్పకుండా బిగించండి. అలా బిగిస్తేనే తెచ్చుకున్న డేటా కాషేలో నిలుస్తుంది, రెండోసారి నుంచి నెట్ పెద్దగా అడగదు. రాత్రి తొమ్మిదికి హాస్టల్ వైఫై ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు. పైగా నిన్న పాసైన టెస్టు ఇవాళ ఎందుకు పడిపోయిందో వెతుక్కునే బాధ తప్పుతుంది. మామూలు నోడ్లు చివరి 128 బ్లాకుల స్థితి మాత్రమే ఉంచుకుంటాయి. అంతకంటే పాత బ్లాక్ బిగిస్తే ఆర్కైవ్ (పాత స్థితి దాచుకునే) సౌకర్యం ఉన్న ఆర్‌పీసీ కావాలి. "మిస్సింగ్ ట్రై నోడ్" అని ఎర్రర్ వస్తే కారణం అదే.

ఫోర్క్‌లో ఇంకో చిక్కు ఈ మధ్య మొదలైంది. యాన్విల్ ఇచ్చే పది ఖాతాల కీలు ప్రపంచమంతటికీ తెలిసినవి, ఎవరి మెషీన్‌లో తెరిచినా అవే వస్తాయి. 2025 మే 7న పెక్ట్రా అప్‌గ్రేడ్ వచ్చాక మామూలు ఖాతాకి కూడా కోడ్‌ని తగిలించే వీలు వచ్చింది. డబ్బు ఊడ్చుకుపోయే బాట్లు మెయిన్‌నెట్‌లో ఈ ఖాతాలకి తమ కోడ్ తగిలించి పెట్టాయి. మీరు ఫోర్క్ చేస్తే ఆ కోడ్ కూడా వెంట వస్తుంది, టెస్టులు అర్థంకాని చోట పడిపోతాయి. ఫోర్క్ మీద పనిచేసేటప్పుడు కొత్త ఖాతాలు పుట్టించుకోండి.

అదే కారణంగా గట్టిగా చెప్తున్నాను: ఆ ఖాతాలకి నిజం డబ్బు ఒక్క రూపాయి కూడా పంపకండి. కొన్ని ఫాసెట్లు మెయిన్‌నెట్‌లో కాస్త ఈథర్ ఉంటేనే టెస్ట్ ఈథర్ ఇస్తాయి కదా, దానికోసం మా దగ్గర ఇంటర్న్‌షిప్ చేసిన ఒకబ్బాయి సొంత డబ్బుతో ఈథర్ కొని, మెటామాస్క్‌లో ఎదురుగా కనిపించిన యాన్విల్ ఖాతాకి వేసుకున్నాడు. పేజీ రిఫ్రెష్ చేసేలోపు పోయింది. ఆ అబ్బాయికి అది వారం రోజుల మెస్ ఖర్చు. లోకల్ పనికి బ్రౌజర్‌లో వేరే ప్రొఫైల్ తెరిచి, అందులో వేరే మెటామాస్క్ పెట్టుకోండి.

మెటామాస్క్‌తో మీకు రోజూ ఎదురయ్యేది నాన్స్ (ఖాతా లావాదేవీల వరస సంఖ్య) గొడవ. యాన్విల్ ఆపి మళ్లీ మొదలుపెడితే చెయిన్ సున్నా నుంచి మొదలవుతుంది, వాలెట్‌కి మాత్రం పాత లెక్క గుర్తుంటుంది. లావాదేవీ వేలాడుతూ ఉండిపోతుంది. సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద యాక్టివిటీ డేటా తుడిచేసే బటన్ నొక్కితే సరిపోతుంది. చెయిన్ ఐడీ 1337 అని ఉంటే 31337కి మార్చండి.

మీ ఇన్‌స్టిట్యూట్ నోట్స్‌లో ట్రఫుల్, గనాచే అనే పాత టెస్టింగ్ పనిముట్లు ఉన్నాయన్నారు. అమీర్‌పేట నోట్సుల్లో ఇప్పటికీ అవే కనిపిస్తున్నాయి. ఆ రెండింటినీ ఆపేస్తున్నట్టు వాటిని నడిపే కంపెనీ కన్సెన్సిస్ 2023 సెప్టెంబరులోనే ప్రకటించింది. పాత గనాచే మీద 0.8.20 లేదా తర్వాతి సాలిడిటీతో కంపైల్ చేసిన కోడ్ వేస్తే "ఇన్వాలిడ్ ఆప్‌కోడ్" అని రావడానికి కారణం పుష్0 అనే కొత్త ఆదేశం. అది 2023 ఏప్రిల్ షాంఘై అప్‌గ్రేడ్‌తో వచ్చింది, పాత నోడ్‌కి తెలియదు. మీ కోడ్ తప్పు కాదు. ఆ నోట్స్‌లో సాలిడిటీ పాఠాలు ఉంచుకుని, పనిముట్లు మార్చేయండి.

విండోస్ మెషీన్ అయితే డబ్ల్యుఎస్ఎల్2 (విండోస్‌లో లినక్స్ నడిపేది) లోపల ఫౌండ్రీ పెట్టుకోండి, ప్రాజెక్ట్ ఫోల్డర్ కూడా దాని లోపలే ఉంచండి. సి డ్రైవ్‌లో ఉంచితే కంపైల్ నత్తనడక నడుస్తుంది.

మీ గైడ్ హైపర్‌లెడ్జర్ ఫాబ్రిక్ అనే వేరే రకం బ్లాక్‌చెయిన్‌లో చేయమంటే మాత్రం పైన రాసినదాంట్లో పనిముట్ల భాగం వర్తించదు. దానికి డాకర్ మీద నడిచే సొంత టెస్ట్ నెట్‌వర్క్ ఉంది, 8 జీబీలో కాస్త బరువే. లెక్కల గురించి, మిగులు 11 గురించి రాసింది అక్కడా వర్తిస్తుంది.

సెపోలియాకి చివరి పది రోజుల్లో వెళ్లండి. అక్కడ చూడాల్సింది మూడే: డిప్లాయ్ స్క్రిప్ట్ నడిచిందా, ఎక్స్‌ప్లోరర్‌లో కోడ్ వెరిఫై అయిందా, లావాదేవీ 12 సెకన్లు ఆగినప్పుడు మీ వెబ్ పేజీ రెండుసార్లు పంపకుండా ఓపిక పడుతోందా. ఈ మూడోది ముందే చూడాలంటే యాన్విల్‌ని బ్లాక్ టైమ్ 12తో నడపండి.

వైవా రోజు డెమోకి సెపోలియా మీద ఆధారపడకండి, కాలేజీ నెట్ ఆ రోజే మొరాయిస్తుంది. యాన్విల్‌కి స్టేట్ ఆప్షన్‌తో ఒక ఫైల్ పేరు ఇస్తే, ఆపినప్పుడు చెయిన్ మొత్తం అందులో దాచి, మళ్లీ అదే ఫైల్‌తో తెరిస్తే అక్కడి నుంచే మొదలవుతుంది. ముందు రాత్రే ఇరవై మందిని చేర్చి, ఏడెనిమిది నెలల పాటలు నడిపి దాచిపెట్టండి. ఎగ్జామినర్ ముందు తొమ్మిదో నెల పాట పాడి చూపించండి. ఆయన "వాయిదా కట్టకపోతే ఏమవుతుంది" అని అడిగితే, అప్పటికప్పుడు 30 రోజులు ముందుకి జరిపి చూపించవచ్చు. ఆ ఫైల్‌కి ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంచుకోండి.